ధనం బొగ్గయిన కడవ: పలమనేరు వైపు ఒక పల్లెలో కేసు

"సార్, మీరు పాత సామాన్లు చూసే సారే కదా? మా చేన్లో లంకెబిందె పడింది. ఊరు ఊరంతా ఈడే ఉండారు. బిరాన రాండి సార్."

రెండేళ్ల కిందట మాఘమాసంలో ఒక పొద్దున్నే వచ్చిన ఫోను ఇది. కుర్రాడి గొంతు కంటే వెనకాల గోలే ఎక్కువ వినపడింది. నేనుండేది తిరుపతిలో. ఉన్నపళంగా బండి తీస్తే చిత్తూరు, మొగిలి ఘాటు దాటి ఊరు చేరేసరికి పదకొండున్నర. అప్పటికే కడవ మూతి పగిలిపోయింది.

ముందు నా సంగతి. ఆర్కియాలజీలో ఎంఏ చేసి పదిహేనేళ్లుగా ఉమ్మడి చిత్తూరు జిల్లా ఊళ్లు తిరుగుతూ వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల కోసం నిలబెట్టిన రాళ్లు), శాసనాలు, పాత సమాధులు కొలిచి, ఫోటోలు తీసి రాసిపెట్టుకుంటున్నాను. గవర్నమెంటు ఉద్యోగిని కాదు, తవ్వే అధికారం లేదు, ఇప్పటిదాకా ఎక్కడా ఒక్క పార దెబ్బ వేసింది లేదు. కడుపు నింపేది మాత్రం ట్యూషన్లు. భూమిలో ఏదైనా బయటపడితే చుట్టుపక్కల వాళ్లు కొందరు నాకు ఫోన్ చేస్తారు, పోలీసులకు చేస్తే కేసవుతుందని భయం కాబట్టి.

ఊరి పేరు రాయను. పలమనేరు దాటాక కౌండిన్య అడవి వైపు, ఏనుగులు రాత్రిపూట టమాటా తోటల్లో పడే పల్లెల్లో ఒకటి అనుకోండి చాలు. పేరు రాస్తే వచ్చే ఆదివారానికే డిటెక్టర్లు పట్టుకుని కార్లు దిగుతాయి, ఈ కేసులో అదీ జరిగింది. మనుషుల పేర్లూ రాయడం లేదు.

చేను మల్బరీ చేను. పట్టుపురుగుల షెడ్డు కోసం పిల్లరు గుంతలు తీస్తున్నారు. ఆరో గుంతలో మూడడుగులు దిగాక గడ్డపారకు పలకరాయి తగిలింది, పెకిలిస్తే కింద కడవ మూతి. ఇద్దరు కూలీల్లో ఒకడు గడ్డపార వదిలేసి ఊళ్లోకి పరుగు. నేను వెళ్లేసరికి గుంత చుట్టూ వందమందికి పైనే, పక్కన అప్పుడే ఒకామె బజ్జీల బండి కూడా పెట్టేసింది. చేను యజమాని బావమరిది తన తువ్వాలు తీసి కడవ మీద కప్పి, దాని మీద చెప్పుల జోడు పెట్టి, గుంతలోనే గొంతుక్కూర్చున్నాడు. ఎందుకన్నా అని అడిగితే, "లేకుంటే కదిలి పోతాది సార్, దానికి కాళ్లుంటాయి" అన్నాడు. మనిషి ఒంటి మీది బట్టో, చెప్పో, నెత్తురు బొట్టో పడితే నిధి కట్టుబడిపోతుందనేది మా వైపు చాలా ఊళ్లలో ఉన్న నమ్మకం. రాత్రిళ్లు భూమిలో గలగలమంటూ బిందెలు చోటు మారతాయని నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊళ్లో కూడా చెప్పేవాళ్లు.

తువ్వాలు తీయించి చూశాను. కడవ అంటున్నాను గానీ నీళ్లు మోసుకునే సైజు కాదు, పసిపిల్లాణ్ని కూర్చోబెట్టేంత గాబు. మిగిలిన అంచును బట్టి కొలిస్తే మూతి వెడల్పు 58 సెంటీమీటర్లు, గోడ మందం 2 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, మొరటు ఎర్రమట్టి, మెడ కింద వరసగా వేళ్లతో నొక్కి తాడు చుట్టినట్టు చేసిన పట్టీ. లోపల పైన కొంత ఖాళీ, అడుగున బూడిద కలిసిన మెత్తటి మట్టి. అందులో బొగ్గు ముక్కలు, గోరంత గోరంత తెల్లటి ఎముక పెళుసులు, తుప్పు పట్టి ముద్దగట్టిన ఇనుప వస్తువొకటి. ఒక కుర్రాడు నేను వద్దనే లోపే చెయ్యి పెట్టి చిన్న గిన్నె బయటికి తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ గిన్నె గురించి కాస్త చెప్పనివ్వండి. బయట కింది సగం ఇటుకరంగు ఎరుపు, పై అంచూ లోపలంతా నిగనిగలాడే నలుపు. రెండు రంగులు కలిసేచోట గీత గీసినట్టు ఉండదు, కషాయంలో పాలు విరిగినట్టు గోధుమరంగు పొర ఒకటి ఉంటుంది. బొటనవేలితో రాస్తే మట్టి రాలి నున్నగా జారింది, మీటితే ఠంగుమంది. దక్షిణాదిలో ఇనుము వాడకం మొదలైన కాలపు సమాధుల్లో దొరికే నలుపు ఎరుపు పాత్ర ఇదే. ఆ కాలం మోటుగా క్రీ.పూ. 1200 నుంచి క్రీ.పూ. 300 దాకా, కొన్ని చోట్ల ఇంకా తర్వాతి దాకా. చచ్చిపోయినవాళ్ల ఎముకలు ఏరి పెద్ద కడవలో పెట్టి, పక్కన తిండిగిన్నెలు, ఇనుప పనిముట్లు ఉంచి, పైన పలకరాయి మూసి, చుట్టూ గుండ్రంగా బండలు పేర్చే పద్ధతి. ఆ బండల వలయం చేను చదును చేసినప్పుడెప్పుడో పోయింది, గట్టు మీద కుప్పగా పడున్న గుండ్లు అవే.

ఇక్కడ నేను చేసిన తప్పు. గుంతలోంచే తలెత్తి గట్టిగా అన్నాను: "ఇది సమాధి. ఇందులో బంగారం లేదు, ఉండదు. అందరూ వెళ్లండి."

ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక నుంచి ఒక పెద్దాయన, "బొగ్గులుండాయా సామీ లోపల?" అన్నాడు. ఉన్నాయన్నాను. "ఇంకేం, అయిపాయ. అరిచి గోల చేసినారు కదరా, ధనం బొగ్గయిపోయింది." అంతే, మొత్తం జనం ఆ కూలీ మీద పడ్డారు, వీడు అరవకుండా ఉంటే ఊరు బాగుపడేది అని. ఆ అబ్బాయికి ఇరవై ఏళ్లుంటాయి, ఏడుపొక్కటే తక్కువ.

సొమ్ము మనది కాకపోతే బొగ్గులుగానో, తేళ్లుగానో, పాముగానో కనపడుతుందనే మాట తెలుగువాళ్లలో వినని వాళ్లుండరు. నేనూ దాన్ని ఆశపడి భంగపడ్డవాళ్లు చెప్పుకునే సాకు అనుకునేవాణ్ని. ఆ రోజు గుంతలో మోకాళ్ల మీద కూర్చుని బొగ్గు ముక్క చూస్తుంటే వేరేలా తోచింది. ఈ నేలలో వందల ఏళ్లుగా నాగలికో, బావి తవ్వకంలోనో ఇలాంటి కడవలు తగులుతూనే ఉన్నాయి. తగిలిన ప్రతిసారీ మూత తీసినవాడు చూసింది బూడిద, బొగ్గు, ఎముక. పలకరాయి కింద బోలుగా, చల్లగా ఉండే చోట పాము చేరడం, రాయెత్తితే తేలు కనపడడం మామూలే. అంటే ఆ కథ చెప్పినవాళ్లు లోపల ఏముందో ఉన్నదున్నట్టే చెప్పారు, అంతకుముందు బంగారం ఉండేదన్న ఒక్క మాటే పైన కలిపారు. ఇది నా అంచనా, రుజువేమీ చూపలేను. అయితే సొమ్ము తనది కానివాడి కంటికి నిధి బొగ్గుగానే ఎందుకు కనపడాలి, ఆవుపేడలాగో గుండ్రాయిలాగో ఎందుకు కనపడదు అనే ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

సరే, ఆ సాయంత్రం కడవను ఉన్నచోటే వదిలి, పైన గోనెసంచులు కప్పి, వదులు మట్టి నింపించాను. గిన్నె కూడా లోపలే పెట్టించాను. బొగ్గు ముక్కలు రెండు చేతితో ముట్టకుండా అల్యూమినియం ఫాయిల్లో చుట్టి, యజమాని వేలిముద్రతో ఆయన దగ్గరే ఉంచాను, ఎప్పుడైనా పురావస్తు డిపార్టుమెంటు వాళ్లు కాలం తేల్చే పరీక్షకు పంపుతారేమోనని. తిరుపతి చేరి నిద్రపోయాను. పొద్దున అదే కుర్రాడి ఫోను. రాత్రి ఎవరో వచ్చి గట్టు పక్కన ఇంకోచోట తవ్వేశారు.

వెళ్లి చూస్తే నిలువెత్తు గుంత. పక్కన కోసిన నిమ్మకాయలు, పసుపు కుంకుమ, నల్లకోడి ఈకలు, సగం కాలిన కర్పూరం. రెండో కడవ పెంకులు పెంకులుగా పడి ఉంది. లోపలి బూడిదంతా జల్లెడ పట్టినట్టున్నారు, తెల్లటి పొడి గట్టుమీద పరుచుకుని ఉంది. ఎవరి ఎముకలో పాపం. ఇనుప ముక్క తుప్పు పొరలు పొరలుగా ఊడి పడి ఉంటే తీసి చూశాను, కొడవలి ఆకారం మసకగా తెలుస్తోంది.

ఊళ్లో విచారిస్తే కథ తేలింది. 'సారు బంగారం లేదన్నాడు' అనే నా మాట సందులు తిరిగేసరికి 'సారు రాత్రికి మనుషుల్ని తీసుకొచ్చి ఎత్తుకుపోతాడంట' అయింది. లంకెబిందెలంటే జంట, ఒకదానికొకటి గొలుసుతో లంకె వేసి ఉంటాయి కదా, ఒకటి బొగ్గయినా రెండోది ఉండాలి. బంధువులెవరి ద్వారానో ఒక బ్యాచ్‌కి కబురెళ్లింది. వాళ్లు మెటల్ డిటెక్టర్ తెచ్చారు, గట్టు దగ్గర అది కుయ్యిమంది.

డిటెక్టర్ గురించి రెండు మాటలు. అది పంపే అయస్కాంత తరంగానికి కింద లోహం ఏదున్నా స్పందిస్తుంది. ఇనుప కొడవలి రెండు వేల ఏళ్లు తుప్పుపట్టి చుట్టూ మట్టిలోకి దిగి ఉంటే సిగ్నల్ ఇంకా తికమకగా వస్తుంది. ఆ కాలపు సమాధుల్లో ఇనుము ఉండడం సర్వసాధారణం, కాబట్టి డిటెక్టర్ కుయ్యిమనడమూ సాధారణమే. వాళ్లకది నిధి ఉందనడానికి సైన్సు సాక్ష్యం. వెనకటికి అంజనం వేసేవాడు తమలపాకు మీద కాటుక రాసి చిన్నపిల్లాణ్ని చూడమనేవాడు, ఎదురుకాళ్లతో పుట్టినవాణ్ని వెతికి తెచ్చేవాళ్లు, అరచేతిలో కొబ్బరికాయ నిలబడిందా లేదా చూసేవాళ్లు. ఇప్పుడు పాతిక వేల మిషను వచ్చింది, పక్కన కోడి కూడా ఉంది.

మూడో రోజు కర్ణాటక నంబరు కారులో ఇద్దరు దిగారు, తెల్ల చొక్కాలు. వాళ్లకు కడవ అక్కర్లేదు. "రాగి చెంబు ఏమైనా దొరికిందా? పిడుగు పడిన పాత చెంబైతే చెప్పండి, బియ్యం లాగుతుందో లేదో టెస్టు చేస్తాం, కంపెనీ వాళ్లు కోట్లిస్తారు." రైస్ పుల్లింగ్ బ్యాచ్. ఈ పేరు వినని పల్లె ఇప్పుడు సరిహద్దు మండలాల్లో లేదేమో. పిడుగు పడి రాగి ఇరిడియం అనే ఖరీదైన లోహం అవుతుందంటారు. పిడుగుకు ఒక లోహం ఇంకో లోహంగా మారదు, ఇరిడియానికి బియ్యాన్ని లాగే గుణమూ లేదు. పైగా ఇరిడియం నీటికంటే 22 రెట్లకు పైగా బరువు, ఒక లీటరు పాలపాకెట్టు సైజు ముద్ద 22 కిలోలు తూగుతుంది. ఇది ఊరివాళ్లకు చెప్పి, "మన చెంబు ఒకచేత్తో ఎత్తగలిగితే అది ఇరిడియం కాదు" అన్నాను. లెక్చరు ఎంతమందికి ఎక్కిందో గానీ ఆ పోలిక మాత్రం బజ్జీలామెకు బాగా నచ్చింది. టెస్టులో బియ్యం కదలడం నిజమే, గింజలకు ఇనుపపొడి పట్టించి కింద అయస్కాంతం దాస్తారు. తర్వాత 'టెస్టింగ్ చార్జీలు' అంటూ మన దగ్గర్నుంచే లాగుతారు.

ఆ వారం రోజులు నేను ఆ ఊళ్లోనే కుర్రాడి ఇంట్లో దిగాను. రాత్రిపూట రచ్చబండ దగ్గర కూర్చుని ఇక్కడ నిధి ఎవరిదంటారు అని అడిగి రాసుకున్నాను. మగవాళ్లు చెప్పినవి మూడు రకాలు. ఒకటి పాండవులది, అరణ్యవాసంలో దాచారట. ఈ ప్రాంతంలో రాతిపలకల సమాధుల్ని పాండవగుళ్లు అంటారు కాబట్టి ఇది ఊహించిందే. రెండోది పాళెగాళ్ల సొమ్ము. మూడోది మైసూరును ఏలిన హైదరలీ పెట్టె.

ఈ మూడోది నన్ను నిద్రపోనివ్వలేదు. చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో దండు విడిసి ఉండగా 1782 డిసెంబరు 7న హైదరలీ చనిపోయాడు. పెద్దకొడుకు టిప్పు అప్పుడు మలబారు వైపు యుద్ధంలో ఉన్నాడు. సంగతి బయటపడితే సైన్యం చెదిరిపోతుందని సర్దార్లు చావును దాచారు. శవాన్ని సుగంధద్రవ్యాలు నింపిన పెద్ద పెట్టెలో పెట్టి, ఖజానా పంపేటప్పుడు ఎలా కాపలాతో పంపుతారో అలా కోలారుకు పంపారు. ఊళ్లోవాళ్లు చెప్పిన కథలో కాపలా ఉంది, పెట్టె ఉంది, రాత్రి ప్రయాణం ఉంది, బరువు మోయలేక ఇక్కడెక్కడో పాతేశారని ముగింపు. చరిత్రలో ఆ పెట్టెలో ఉన్నది శవం. చూసినవాళ్లు ఖజానా అనుకోవాలనే ఆ ఏర్పాటు చేశారు, రెండువందల నలభై ఏళ్ల తర్వాత కూడా ఇక్కడి మనుషులు అలాగే అనుకుంటున్నారు. నేను ఇది చెబితే రచ్చబండ మీద ఒకాయన, "అయితే సార్, శవానికి నగలు పెట్టకుండా పంపుతారా?" అన్నాడు. ఏం చెప్పను.

ఆశకు కారణం లేదని కూడా అనలేను. ఇక్కడికి కోలారు గనులు ఎంతో దూరం కాదు, మన జిల్లాలోనే కుప్పం వైపు చిగురుగుంటలో బంగారు గని నడిచి 2001లో మూతపడింది. తాత గనిలో పనిచేసిన ఇంట్లో కూర్చుని భూమిలో బంగారం ఉండదు అంటే ఎవరు వింటారు? సమాధి కడవల్లో బంగారం అసలు ఎప్పుడూ దొరకలేదనీ కాదు. తమిళనాడులో తామ్రపర్ణి ఒడ్డున ఆదిచ్చనల్లూరులో అలెగ్జాండర్ రే అనే పురావస్తు అధికారి 1899 నుంచి జరిపిన తవ్వకాల్లో నుదుటికి కట్టే బంగారు రేకులు బయటపడ్డాయి. అవి పుట్టెడు కడవల మధ్య వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అందుకే ఇప్పుడు నేను 'ఉండదు' అనే మాట వాడడం మానేశాను.

ఐదో రోజు మధ్యాహ్నం కుర్రాడి నాయనమ్మ అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తోంది. ఎనభై దాటి ఉంటాయి. నేను నోట్సు రాసుకుంటుంటే తనే అడిగింది.

"ఏం నాయనా, ఆ ముసలోళ్ల కడవలు పగలగొట్టినారంట కదా?"

నేను పెన్ను ఆపేశాను. "ముసలోళ్ల కడవలా అవ్వా?"

"ఊఁ. మా అత్త చెప్తా ఉండె. పూర్వకాలంలో మనుషులకు చావు రాకుండె. ఏండ్లు మీద పడేకొద్దీ కుచించుకుపోయి, కుచించుకుపోయి, పిల్లి పిల్లంత అయిపోయేవాళ్లంట. దీపంగూట్లో కూర్చోబెట్టేవాళ్లు, కోడి పొడస్తాదని. ఇంక చూసుకోలేక పెద్ద కడవలో పెట్టి, ఇన్ని నూకలు, నీళ్లు, ఒక దీపం పెట్టి మిట్టలో పెట్టి వచ్చేవాళ్లు. అందుకే అది ముసలోళ్ల మిట్ట. మేం ఆడ కళ్లం ఎయ్యం, పిల్లోళ్లను ఆడుకోనియ్యం."

ఇదే కథ తమిళనాడులో ముదుమక్కళ్ తాళి (ముసలివాళ్ల కడవ) అనే పేరుతో చెబుతారు, దీపం గూడుతో సహా. సరిహద్దు పల్లె కాబట్టి అటు కోడళ్లతో వచ్చిందో, ఇక్కడిదే అటు వెళ్లిందో. చావు రాకపోవడం, కుచించుకుపోవడం పక్కన పెట్టండి. కడవలో ఉన్నది మనిషి, పక్కన ఉన్న గిన్నెలు తిండికి, మిట్ట మొత్తం అలాంటివే. అవ్వ చెప్పిన ఈ మూడూ నేను పుస్తకాలు చదివి చెప్పేవే. ఐదు రోజులుగా 'నిధి ఎవరిది' అని అడుగుతూ తిరిగాను, అడిగిందంతా మగవాళ్లని. నిధి అని అడిగితే నిధి కథే చెబుతారు. అవ్వకు నిధి కథ తెలియక కాదు, "అది మొగోళ్ల మాట్లేలే" అంది.

ఆమెను మిట్ట మీదికి తీసుకెళితే కర్ర పట్టుకుని మెల్లగా నడుస్తూ ఎక్కడెక్కడ గుండ్లు వరసగా ఉండేవో చూపించింది. తను కాపురానికి వచ్చినప్పుడు ఏడు ఉండేవంట. నేను చేను గట్లు, గుండ్ల కుప్పలు కలిపి గీసుకున్న మ్యాపులో నాలుగు ఉన్నాయి. ఆమె చెప్పిన మిగతా మూడింటిలో ఒకటి కచ్చితంగా సరిపోయింది, మల్బరీ మొక్కల మధ్య నేల మీద సగం వలయం ఇంకా ఉంది. మిగతా రెండూ కొబ్బరితోటలోకి వెళ్లిపోయాయి.

గిన్నె విషయంలో నాకున్న ఒక అనుమానం కూడా ఊరి పక్కవాళ్ల దగ్గరే తీరింది. పలమనేరు మట్టిబొమ్మలు చేసే ఒక కుమ్మరి పెద్దాయనకు పగిలిన రెండో కడవ పక్కన దొరికిన పెంకు ఒకటి చూపించాను, ఏమీ చెప్పకుండా. ఆయన దాన్ని నాలుకతో తాకి, వెలుతురులో తిప్పి, "దీన్ని బోర్లించి కాల్చినారు సార్. లోపల ఆకో ఊకో పెట్టుంటారు, గాలి ఆడక నల్లబడింది. ఆవంలో పైకి కనపడినంత మేర ఎర్రబడింది" అన్నాడు. ఆవమంటే కుండలు కాల్చే బట్టీ. సెకండ్ల మీద చెప్పేశాడు. ఈ రెండు రంగుల పాత్రల గురించి పండితులు ఎక్కువగా చెప్పే వివరణ కూడా అదే. సారె మీద తిప్పిందా చేత్తో చేసిందా అనేది మాత్రం తేలలేదు, పెంకు చిన్నది.

ఇక కాగితాల సంగతి. చేను యజమానికి అసలు భయం ఇదే, 'పొలం గవర్నమెంటు లాగేసుకుంటుందా' అని. ఆ టెన్షన్‌తోనే చాలామంది దొరికినది పగలగొట్టి పూడ్చేస్తారు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. భూమిలో దాగి దొరికినది పది రూపాయల విలువ దాటితే దొరికినవాడు కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి: ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ రోజు. చెప్పకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో జనానికి తెలియని మంచి సంగతి కూడా ఉంది. హక్కుదారులెవరూ తేలకపోతే, దొరికినవాడికీ భూమి యజమానికీ మధ్య ఒప్పందం లేనప్పుడు ముప్పాతిక వంతు దొరికినవాడికి, పాతిక వంతు యజమానికి. ప్రభుత్వం ఆ వస్తువు తనకే కావాలనుకుంటే, అందులోని సరుకు విలువకు ఐదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. ఇది చెప్పగానే మొదటి రోజు తిట్లు తిన్న ఆ కూలీ అబ్బాయి, "అంటే ముప్పావు నాదా సార్?" అన్నాడు. మట్టికడవకు సరుకు విలువ ఎంతనో లెక్కకట్టి చూపించాక ఇద్దరం నవ్వుకున్నాం. అది కాక, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువును దేశం దాటించడం నేరం.

అర్జీ నేనే రాసిచ్చాను, యజమాని వేలిముద్ర, కూలీల సంతకాలు. సంబంధిత ఆఫీసులో అది మూడు వారాలు టేబుల్ మీద పడుకుంది. మొదటి రెండుసార్లు వెళ్తే "బంగారం లేదంటున్నారు కదా, ఇంకేం రిపోర్టు?" అన్నారు. నిజం చెప్పాలంటే నా గొంతు పెరిగింది, పెరక్కుండా ఉండాల్సింది. మూడోసారి కుర్రాడు తన ఫోన్‌లో గిన్నె ఫోటో చూపిస్తే అక్కడి ఒక క్లర్కమ్మ, "మా ఊళ్లోనూ ఇట్లాంటివి పడతాయి, మేం కోళ్లకు నీళ్లు పెడతాం" అంది, ఆమే ఫైలు కదిలించింది. తర్వాత ఇద్దరు వచ్చి చూసుకుని, గిన్నె, మిగిలిన ఇనుము, నేను ఫాయిల్లో పెట్టిన బొగ్గు తీసుకుని రసీదు ఇచ్చి వెళ్లారు. పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. మొదటి కడవను అక్కడే పూడ్చి, షెడ్డు పిల్లరును నాలుగడుగులు పక్కకు జరిపారు.

తవ్వకాలు ఆగింది మాత్రం వాళ్ల వల్లా కాదు, నా వల్లా కాదు. నేను అవ్వను అడిగి, గంగమ్మ గుడి దగ్గర శుక్రవారం నలుగురూ చేరినప్పుడు ఆ కథ చెప్పించాను. ఆమె ఎవరినీ బెదిరించలేదు. తనకు తెలిసినట్టు చెప్పి, చివర్లో, "ఎవురింటోళ్లనో ఏమో, ఎముకలు గాలికి పోసినారు. మైల ఎవురికి తగలాల?" అని లేచి వెళ్లిపోయింది. ఆ మర్నాడు, దొంగచాటు రాత్రి తవ్వకంలో పాల్గొన్నవాళ్ల ఇంటివాళ్లే మనిషిని పెట్టి గట్టు మీది బూడిదంతా ఎత్తించి గుంతలో పోసి, పాలు చల్లి పూడ్చేశారు. ఆర్కియాలజీ లెక్కలో అది ఇంకో నష్టమే, కలగలిసిపోయిన ఆ మట్టిలో నాకు ఇక ఏమీ దొరకదు. నేను నోరెత్తలేదు. ఆ గుంత మీద ఆ తర్వాత పార పడలేదు.

అప్పట్నుంచి ఎక్కడికెళ్లినా పని వరస మార్చుకున్నాను. గుంత దగ్గరికి పోయేముందు ఇంట్లో పెద్ద వయసు ఆడవాళ్లెవరని అడుగుతాను, ఆ చోటుకు పేరేంటని అడుగుతాను, నిధి అన్న మాట నా నోటితో తేను. గుంతలో ఉండి మాట్లాడను, పైకి వచ్చి, కూర్చుని, నీళ్లు తాగి అప్పుడు చెబుతాను. చూసిందంతా పగటిపూటే ఊరి కుర్రాళ్ల చేతే వీడియో తీయిస్తాను, తర్వాత నేనే ఎత్తుకుపోయాననే మాట రాకుండా. రెండుచోట్ల ఇది పనిచేసింది. పుంగనూరు వైపు ఒకచోట పనిచేయలేదు, అక్కడ నేను వెళ్లేసరికి మిగిలింది పెంకులే.

పోయిన నెల ఆ ఊరికి మళ్లీ వెళ్లాను. షెడ్డు లేచింది, పట్టుగూళ్లు బాగానే దిగుతున్నాయంట. తువ్వాలు కప్పిన బావమరిది ఎదురొచ్చి టీ ఇప్పించాడు, పిల్లల చదువులు అడిగాడు. నేను బండి ఎక్కబోతుంటే పక్కకు పిలిచి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు:

"సార్, మనలో మాట. ఆ రెండో కడవలోది ఏం చేసినారు?"